జీతం ముందుగా అడిగిన సంఘ సిబ్బందికి ఏం జవాబు చెప్పాలి? కమిటీలకు, కోశాధికారులకు బహిరంగ లేఖ

సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు, కోశాధికారులకు,

ప్రభువునందు వందనాలు.

నెల మధ్యలో ఒకరు వచ్చి, "ఈ నెల జీతంలో కొంత ముందే ఇప్పించగలరా?" అని అడుగుతారు. ఆయన పాస్టరు గారు కావచ్చు, ఆఫీసు గుమాస్తా కావచ్చు, సువార్తికుడో వాచ్‌మనో కావచ్చు. కోశాధికారి అప్పటికి తోచినది చేస్తారు. సొంత జేబులోంచి తీసి ఇస్తారు. లేదా ఆదివారం కానుకల సంచిలోంచి ఇచ్చి, లోపల ఒక చీటీ పెడతారు. అదీ కాకపోతే "కమిటీలో పెడతాను" అని చెప్పి మూడు వారాలు నానుస్తారు. ఆలోగా జీతం రోజే వచ్చేస్తుంది. వాటిలో ఏ దారి పట్టినా సంఘానికి నష్టమే.

సంఘాల లెక్కలు రాసేవాళ్ళం, తనిఖీ చేసేవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. జీతం ముందుగా ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి, ఎవరు ఒప్పుకోవాలి అనేవి ఎవరూ అడగని రోజున, ఎవరి ముఖమూ ఎదురుగా లేనప్పుడు రాసిపెట్టుకోవలసిన విషయాలు. అడిగాక ఆలోచించడం మొదలుపెడితే నిర్ణయం అడిగిన మనిషిని బట్టి జరుగుతుంది. గట్టిగా అడగగలిగినవారికి దొరుకుతుంది. మొహమాటపడేవారికి మాత్రం పొదుపు గురించిన బోధ దొరుకుతుంది.

మొదట మాటలు తేల్చుకోవాలి. "అడ్వాన్సు" అనే ఒక్క పేరు కింద సంఘాల్లో నాలుగు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. మొదటిది, ఇప్పటికే పనిచేసిన రోజుల జీతాన్ని జీతం రోజుకన్నా ముందు ఇవ్వడం. అది ఆ ఉద్యోగి సొమ్మే, తేదీ రాలేదు కాబట్టి మన దగ్గర ఉందంతే. రెండోది, ఇంకా చేయని పనికి జీతం ఇవ్వడం. మూడోది అప్పు: నెల జీతంలో ఒక్కసారిగా తీరనిది, వాయిదాల మీద తిరిగి వచ్చేది. నాలుగోది సహాయం, అంటే తిరిగి అడగనిది. ఈ నాలుగింటికీ డబ్బు వచ్చే నిధి వేరు, ఒప్పుకునేవారు వేరు, పుస్తకంలో రాసే తీరు వేరు. అప్పును అడ్వాన్సు అన్నందువల్ల వసూలు ఆగిపోతుంది. సహాయాన్ని అప్పు అన్నందువల్ల కష్టంలో ఉన్న కుటుంబం మీద తీరని బాకీ ఒకటి ఏళ్ళ తరబడి వేలాడుతుంది. తనిఖీలో మాకు కనిపించే చిక్కుల్లో ఎక్కువ భాగానికి మొదలు ఈ కలగాపులగమే.

కాబట్టి ఎవరైనా అడిగినప్పుడు కోశాధికారి ముందు వేయాల్సిన ప్రశ్న "ఎందుకు?" అనేది కాదు. "మనమే వీరికి ఏమైనా బాకీ ఉన్నామా?" అని చూడాలి. పాస్టరు గారు సొంత డబ్బుతో ప్రయాణాలు చేసి ఇచ్చిన బిల్లులు రెండు నెలలుగా ఫైల్లో పడి ఉంటాయి. గుమాస్తా సొంత డబ్బుతో కాగితాలు, స్టాంపులు కొని ఉంటారు. కిందటి నెల జీతమే పూర్తిగా ఇచ్చి ఉండకపోవచ్చు. ఆ బాకీ తీరిస్తే అడ్వాన్సు అవసరమే ఉండదు. మనం ఇవ్వాల్సింది ఆపుకుని, అదే మనిషికి మనమే అడ్వాన్సు ఇచ్చి, ఆయన చేత కృతజ్ఞతలు చెప్పించుకోవడం అన్యాయం.

ఇక లెక్క. పనిచేసిన రోజుల జీతాన్ని ఎలా కట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం. మొత్తం జీతం నెలకు 30,000 అనుకుందాం. పన్ను, భవిష్య నిధి లాంటి కోతలు 4,500. చేతికి వచ్చేది 25,500. నెలకు 30 రోజులు. ఉద్యోగి 18వ తేదీ ఉదయం అడిగారు. పూర్తయినవి 17 రోజులు. చేతికి వచ్చే మొత్తాన్ని 30తో భాగిస్తే రోజుకు 850. పదిహేడు రోజులకు 14,450. ఇది సంపాదించిన మొత్తం. దీనిపైన ఇంకో హద్దు పెట్టమని మా సలహా: ఒక నెలలో ముందుగా ఇచ్చేది చేతికొచ్చే జీతంలో సగం దాటకూడదు. ఇక్కడ సగం 12,750. రెండింటిలో ఏది తక్కువైతే అది ఇవ్వాలి, అంటే 12,750. అదే మనిషి 10వ తేదీన అడిగి ఉంటే పూర్తయినవి తొమ్మిది రోజులే కాబట్టి 7,650 ఇవ్వవచ్చు.

లెక్క మొత్తం జీతం మీద కాక చేతికొచ్చే జీతం మీద ఎందుకు కట్టమంటున్నామో కూడా చెప్పాలి. 30,000కు పదిహేడు రోజుల వంతు 17,000 అని లెక్కవేసి ఇచ్చేశారనుకోండి. తర్వాతి వారం ఆ ఉద్యోగి నాలుగు రోజులు జీతం లేని సెలవు పెట్టారు, 4,000 పోయింది. పాత అప్పు వాయిదా 2,500 ఉంది. కోతలు అదే 4,500 అనుకున్నా, జీతం రోజున లెక్క ఇలా తేలుతుంది: 30,000లో 4,000 పోతే 26,000. అందులో 4,500 పోతే 21,500. వాయిదా పోతే 19,000. ముందుగా ఇచ్చిన 17,000 పోతే మిగిలేది 2,000. ఆ రెండు వేలతో ఆ ఇంట్లో నెల గడవాలి. మొదటి వారంలోనే మళ్ళీ అడుగుతారు, అడగక తప్పదు.

రోజుల భాజకం విషయంలో ఒక మాట. పనిదినాలతో భాగించకండి. సంఘంలో ఆదివారం అందరికన్నా ఎక్కువ పని. ఒకరికి సోమవారం సెలవు, ఇంకొకరికి శనివారం సగం రోజు. శుభ శుక్రవారం, పునరుత్థాన ఆదివారం ఉన్న వారంలో అసలు సెలవే ఉండదు. ఏది పనిదినం అన్న వాదన తేలదు. క్యాలెండరు రోజులతో భాగించండి. ప్రతి నెలనూ 30గా తీసుకుంటారా, ఆ నెలలో ఉన్న రోజుల సంఖ్యే తీసుకుంటారా అన్నది మీ ఇష్టం. కానీ సెలవు కోతకు ఏ భాజకం వాడుతున్నారో దీనికీ అదే వాడాలి. కోతకు 26తోనూ, ఇచ్చేటప్పుడు 30తోనూ భాగిస్తే రెండుసార్లూ నష్టపోయేది ఉద్యోగే.

దరఖాస్తు కాగితం ఒక్క పేజీ చాలు. పేరు, తేదీ, కావలసిన మొత్తం, ఏ నెల జీతంలోంచి, ఆ నెల జీతంలో దాన్ని మినహాయించుకోవడానికి అంగీకారం, సంతకం. ఇంతే ఉండాలి. కారణం రాయమనే గడి పెట్టకండి. సంపాదించిన జీతం అడగడానికి ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో, ఎవరి ఫీజు కట్టాలో చెప్పుకోవాల్సిన పనిలేదు. కారణం అడిగితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కమిటీ ఆ కారణాన్ని తూకం వేయడం మొదలుపెడుతుంది. ఆసుపత్రి అంటే ఇచ్చి, పెళ్ళి అంటే ఇవ్వకపోవడం జరుగుతుంది. ఉద్యోగులు ఆ తూకం తెలుసుకుని దానికి సరిపడే కారణం చెప్పడం నేర్చుకుంటారు. సంఘం తన మనుషుల చేత అబద్ధం ఆడించే ఏర్పాటును తానే చేసినట్టవుతుంది. అప్పుకు, సహాయానికి మాత్రం కొంత విచారణ అవసరం, ఎందుకంటే అక్కడ ఇస్తున్నది సంఘం సొమ్ము.

కాగితం అందాక ఒక పనిదినంలో జవాబు ఇవ్వాలి. జీతాల పట్టిక తయారుచేసేవారు లెక్క కట్టి, పనిచేసిన రోజులు, ఇవ్వగల మొత్తం రాసి సంతకం చేస్తారు. ఒప్పుకునేవారు ఇద్దరు: కోశాధికారి, కార్యదర్శి. వీరిలో ఎవరైనా అడిగినవారికి బంధువైతే ఆ స్థానంలో సంతకం చేసే మూడో వ్యక్తి పేరు ముందే నియమంలో ఉండాలి. నియమం రాసి ఉన్నప్పుడు మొదటి రకానికి, అంటే సంపాదించిన జీతానికి, కమిటీ సమావేశం అక్కర్లేదు. నెలకొకసారి కూర్చునే కమిటీకి నెలలోపు తీరాల్సిన అవసరాన్ని అప్పగించడం వల్లనే అది జేబు డబ్బుగా, చీటీ డబ్బుగా మారుతోంది. మిగతా ప్రతిదానికీ కమిటీ తీర్మానం ఉండాలి. చేయని పనికి జీతం ఇవ్వడాన్ని మాత్రం పూర్తిగా మానేయండి. అవసరం సంపాదించినదాన్ని మించితే దాన్ని అప్పు అనే అనండి, అప్పు పద్ధతిలోనే ఇవ్వండి.

డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఉద్యోగి ఖాతాకే వెళ్ళాలి. వివరంలో "జీతం అడ్వాన్సు", ఏ నెలదో ఆ నెల పేరు ఉండాలి. నగదు వద్దు. కానుకల సంచిలోంచి తీసి ఇవ్వడం అసలే వద్దు. ఎంత మంచి మనసుతో చేసినా దానివల్ల ఒకేసారి రెండు లెక్కలు తప్పుతాయి: ఆ ఆదివారం కానుకల రాబడి తక్కువ పడుతుంది, ఇచ్చిన జీతం ఎక్కడా కనిపించదు. బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టి, లెక్క కాగితం మీద సంతకాలు చేసి, వచ్చిన మొత్తం అంతా బ్యాంకులో వేశాకే అందులోంచి ఏ ఖర్చయినా. భవన నిధి, మిషనరీ నిధి లాంటి ప్రత్యేక నిధుల్లోంచి "నెలాఖరుకు తిరిగి వేద్దాం" అని తీయడం కూడా అంతే తప్పు. ఇచ్చినవారు ఏ పని కోసం ఇచ్చారో ఆ డబ్బు ఆ పనికే. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో, విరాళాన్ని చేరవేసే పనిలో తమ మీద నింద రాకుండా పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 20, 21 వచనాల్లో ఉంది. ప్రభువు ఎదుట మాత్రమే కాక మనుషుల ఎదుట కూడా పని సరిగా ఉండాలన్నది అక్కడి మాట.

మరి సాధారణ ఖాతాలో సరిపడా డబ్బు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ చాలామంది కోశాధికారులు అనవసరంగా భయపడతారు. పనిచేసిన రోజుల జీతం ముందుగా ఇస్తే నెలాఖరు నిల్వ మారదు. ఇవాళ వెళ్ళిన 12,750 జీతం రోజున వెళ్ళదు. చూడాల్సిందల్లా మధ్యలోని రోజుల సంగతి. ఇవాళ ఖాతాలో 60,000 ఉన్నాయి. జీతం రోజులోపు కట్టాల్సిన కరెంటు, నీళ్ళ బిల్లులు, ఒప్పుకున్న చెక్కులు కలిపి 35,000. అడ్వాన్సు 12,750. ఇంకా 12,250 మిగులుతుంది. రాబోయే ఆదివారాల కానుకల్ని లెక్కలోకి తీసుకోకుండానే సరిపోయింది కాబట్టి ఇవ్వవచ్చు. రాబోయే కానుకల్ని కలుపుకుంటే తప్ప సరిపోకపోతే, సరిపడేంతే ఇవ్వండి. అప్పు విషయం వేరు. అప్పు ఇస్తే నిల్వ నిజంగానే నెలల తరబడి తగ్గుతుంది.

పుస్తకంలో రాయడం దగ్గరకు వద్దాం. ముందుగా ఇచ్చిన రోజున దాన్ని జీతాల ఖర్చులో రాయకూడదు. "సిబ్బంది అడ్వాన్సులు" అనే ఖాతా ఒకటి ఆస్తుల వైపు తెరవండి. ఇచ్చిన రోజున ఆ ఖాతాకు 12,750 డెబిట్, బ్యాంకుకు 12,750 క్రెడిట్. జీతం రోజున జీతాల ఖర్చుకు మొత్తం 30,000 డెబిట్ చేయాలి. ఎదురుగా, చెల్లించాల్సిన కోతలకు 4,500, సిబ్బంది అడ్వాన్సులకు 12,750, బ్యాంకుకు 12,750 క్రెడిట్. మూడూ కలిపితే 30,000. అడ్వాన్సు ఖాతా సున్నాకు వచ్చింది. నెలాఖరులో ఈ ఖాతా సున్నా కాకపోతే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం, ఆ రోజే వెతకాలి.

ముందుగా ఇచ్చినదాన్ని నేరుగా జీతాల ఖర్చులో రాస్తే ఏమవుతుంది? జీతం రోజున పట్టిక మామూలుగా 30,000 చూపిస్తుంది, ఎవరో దాన్ని అలాగే ఎక్కిస్తారు. ఖర్చు 42,750 అవుతుంది. ఉద్యోగికి రెండుసార్లు డబ్బు వెళ్ళడమో, వెళ్ళకపోయినా బ్యాంకు లెక్కతో పుస్తకం లెక్క కలవకపోవడమో జరుగుతుంది. జీతాల సాఫ్ట్‌వేర్ వాడుతుంటే డబ్బు పంపిన రోజే ఆ నెల మినహాయింపుల్లో దాన్ని నమోదు చేయండి, జీతం రోజు వరకు ఆగకండి. ఆ రోజున గుర్తుంటుందన్న నమ్మకం మీదే చాలా అడ్వాన్సులు మునిగిపోయాయి. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: గుమాస్తా సాఫ్ట్‌వేర్‌లో పెడతారు, కోశాధికారి చేత్తో ఇంకోసారి తగ్గిస్తారు. ఉద్యోగి మొహమాటంతో అడగరు. అందుకే జీతం చీటీలో మొత్తం జీతం, ప్రతి కోత, అడ్వాన్సు మినహాయింపు విడివిడిగా కనిపించాలి.

పన్ను గురించి రెండు మాటలు. జీతాన్నే ముందుగా చెల్లించడం, జీతం మీద అప్పుగా ఇవ్వడం ఒకటి కావు. ముందుగా చెల్లించిన జీతాన్ని ఇచ్చిన రోజునే ఆదాయంగా లెక్కించి పన్ను మినహాయించమనే చట్టాలున్నాయి. తిరిగి వచ్చే అప్పు సాధారణంగా ఆదాయం కాదు. కానీ దాన్ని మాఫీ చేసిన రోజున అది ఆదాయం కావచ్చు, వడ్డీ లేని పెద్ద అప్పు కూడా కొన్నిచోట్ల పన్ను లెక్కలోకి వస్తుంది. ముఖ్యంగా ఆర్థిక సంవత్సరం మారే నెలలో ఇచ్చేదాన్ని మీ ఆడిటరుకు చూపించి ఇవ్వండి. జీతంలోంచి మినహాయింపులకు కూడా హద్దులుంటాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన వేతనాల రక్షణ ఒప్పందం, అంటే 95వ నంబరు ఒప్పందం, 8వ అధికరణంలో ఈ సూత్రం పెట్టింది: జీతంలో కోత అనేది చట్టమో, సామూహిక ఒప్పందమో, మధ్యవర్తుల తీర్పో అనుమతించిన షరతుల మీద, అనుమతించిన మేరకే ఉండాలి. మీ దేశపు చట్టం ఏ మేరకు ఒప్పుకుంటుందో చూసుకుని దరఖాస్తులోని అంగీకార వాక్యం రాయించుకోండి. ఉద్యోగి మధ్యలో మానేస్తే చివరి లెక్కలో ఎంత మినహాయించుకోవచ్చో ఆ వాక్యంలోనే ఉండాలి. సంతకం లేని చీటీతో చివరి జీతాన్ని పట్టి ఉంచితే తగాదా సంఘం గుమ్మం దాటి బయటికి వెళుతుంది.

అప్పు ఇవ్వదలచుకుంటే ఇలా చేయండి. ఒకరికి చేతికొచ్చే ఒక నెల జీతం దాటకూడదు. వాయిదా నెల జీతంలో పదో వంతు. పై ఉదాహరణలో 25,500 అప్పు, నెలకు 2,550 చొప్పున పది నెలలు. మొదటి అప్పు తీరకుండా రెండోది ఇవ్వకూడదు. అందరి బాకీ కలిపి నెల జీతాల మొత్తంలో నాలుగో వంతు దాటకూడదు. చేతికిచ్చే జీతాలు నెలకు 1,20,000 అయితే బయట ఉండదగ్గ అప్పు 30,000. ఈ లెక్కన చిన్న సంఘంలో ఒకేసారి ఒకరికే పూర్తి అప్పు దొరుకుతుంది. అది కష్టమే, కానీ హద్దు లేకపోతే అందరి జీతమూ ఆగే రోజు వస్తుంది. పాస్టర్లకు బదిలీలు ఉండే సంఘాల్లో చివరి వాయిదా బదిలీ తేదీకి ముందే ముగియాలి. కొత్త సంఘానికి వెళ్ళిన పాస్టరు గారి దగ్గర పాత సంఘం బాకీ వసూలు చేయడం ఇద్దరికీ తలవంపు. వడ్డీ వద్దు. బీదవాడికి అప్పిచ్చి వడ్డీ తీసుకోవద్దన్న మాట నిర్గమకాండము 22:25లోనూ, లేవీయకాండము 25వ అధ్యాయంలోనూ ఉంది. దాన్ని మన సొంత సిబ్బంది దగ్గరే మరిచిపోకూడదు.

ఇప్పుడు అందరికన్నా ఇబ్బందిగా ఉండే సంగతి. పాస్టరు గారే అడిగితే? కోశాధికారి ఆయన సంఘ సభ్యుడు. ఆయన దగ్గర ప్రభు బల్ల తీసుకునే మనిషి. ఆయన మాట కాదనలేరు, కాదంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ భారాన్ని ఒక్క మనిషి మీద పెట్టకండి. నియమం వాచ్‌మన్‌కు ఎంతో పాస్టరు గారికీ అంతే అని రాయండి: అవే రోజులు, అదే సగం హద్దు, అదే కాగితం. ఆయన అడిగినప్పుడు ఆయన కింద పనిచేసే ఉద్యోగి ఎవరూ ఒప్పుకునేవారిలో ఉండకూడదు. అప్పు అయితే ఆ చర్చ జరిగేటప్పుడు ఆయన గదిలో ఉండకూడదు, ఆయన లేరని మినిట్స్‌లో రాయాలి. పాలకవర్గంలో ఉన్నవారికి ధర్మసంస్థ అప్పు ఇవ్వడాన్ని నిషేధించే చట్టాలు, అనుమతి అడిగే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. ఆయన కమిటీ అధ్యక్షుడు కూడా అయితే అది చూసుకోకుండా అప్పు జోలికి వెళ్ళవద్దు. ఇదంతా ఆయన మీద అనుమానంతో చేసేది కాదు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన్ని కాపాడేది ఈ కాగితాలే.

రహస్యం. ఎవరు అడిగారన్నది సంతకం చేసిన ఇద్దరికి, జీతాల పట్టిక రాసేవారికి, ఆడిటరుకు తప్ప ఎవరికీ తెలియకూడదు. కమిటీకి మూడు నెలలకొకసారి "అడ్వాన్సులు నాలుగు, మొత్తం 38,000, అన్నీ మినహాయించాం" అన్నట్టు సంఖ్యలు చెప్తే చాలు. ప్రార్థన విన్నపంగా కూడా బయట చెప్పకండి. "మన ఆఫీసు సహోదరి ఆర్థిక ఇబ్బందుల కోసం ప్రార్థిద్దాం" అని గుంపులో అన్న ఒక్క మాటతో ఆమె మళ్ళీ ఎప్పుడూ సంఘాన్ని అడగరు. ఎక్కువ వడ్డీకి బయట అడుగుతారు.

తరచూ అడిగేవారి గురించి ఆలోచించాలి. ఒకసారి సగం జీతం ముందుగా తీసుకుంటే జీతం రోజున సగమే వస్తుంది. ఖర్చులు మాత్రం పూర్తిగా ఉంటాయి. కాబట్టి వచ్చే నెల ఇంకాస్త ముందే అడగాల్సి వస్తుంది. ఇది ఆ మనిషి బలహీనత కాదు, అంకెల స్వభావమే అంత. అందుకే ఆరు నెలల్లో రెండుసార్లు అని హద్దు పెట్టి, మూడోసారి అడిగితే తిప్పి పంపకుండా కూర్చుని మాట్లాడండి. ఒక దారి ఉంది: ఆ నెల ముందుగా తీసుకున్న 12,750ని జీతం రోజున ఒక్కసారిగా మినహాయించకుండా, కమిటీ తీర్మానంతో అప్పుగా మార్చి, నెలకు 2,550 చొప్పున ఐదు నెలల్లో తీసుకోండి. ఆ ఐదు నెలలూ కొత్త అడ్వాన్సు ఉండదు. గొలుసు తెగుతుంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు ఇలాగే అడుగుతుంటే సమస్య వాళ్ళలో కాదు, జీతంలో ఉందని గుర్తించండి. జీతాలు చివరిసారి ఎప్పుడు పెంచారో మినిట్స్ పుస్తకం తిరగేసి చూడండి.

డిసెంబరు సంగతి ప్రతి కోశాధికారికీ తెలుసు. పండుగ కోసమని డిసెంబరు జీతం 20వ తేదీనే ఇచ్చేస్తాం. అక్కడి నుంచి జనవరి 31 వరకు 42 రోజులు. నెల జీతం 30 రోజులకు సరిపోయేలా ఉన్న ఇంట్లో ఆ పన్నెండు రోజులు ఎక్కడి నుంచి రావాలి? జనవరి రెండో వారంలో అడ్వాన్సులు అడిగేది అందుకే. సగం 20న, సగం 31న ఇవ్వండి. లేదా డిసెంబరు మొదటి వారంలోనే ఎవరికి ఎలా కావాలో రాతపూర్వకంగా అడగండి. ఇంకా మంచి పద్ధతి, ఏడాది పొడవునా నెలకు రెండుసార్లు, 15న ఒకసారి, చివరి రోజున ఒకసారి జీతం ఇవ్వడం. నెల జీతం ఉన్నవారికి కనీసం నెలకొకసారి చెల్లించాలన్నది 1949 నాటి కార్మిక సంస్థ 85వ సిఫార్సు. అంతకన్నా తరచుగా ఇవ్వడానికి అది అడ్డు కాదు. పట్టిక రెండుసార్లు వేయాలి, బ్యాంకు పని రెండింతలు, కోతలు ఏ సగంలో తీయాలో ఒకసారి తేల్చుకోవాలి. అయినా అడ్వాన్సు దరఖాస్తులు చాలావరకు ఆగిపోతాయి కాబట్టి ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. జీతం రోజు ఆదివారమో సెలవు రోజో అయితే ముందు పనిదినానే ఇవ్వాలన్నది కూడా ఇప్పుడే రాసుకోండి.

కాదనాల్సి వస్తే ఎలా కాదనాలి? నియమం ఒప్పుకోనప్పుడు అదే రోజు కాగితం మీద చెప్పండి: ఎంత అడిగారు, ఎంత ఇవ్వగలం, మిగతాదానికి అప్పు దరఖాస్తు ఎలా పెట్టాలి, సహాయ నిధి ఎవరు చూస్తారు. "ప్రార్థన చేద్దాం, దేవుడు చూసుకుంటాడు" అనే మాటను కాదనడానికి వాడకండి. ప్రార్థన తప్పకుండా చేయాలి, కానీ జవాబు విడిగా ఇవ్వాలి. ఇంకొక జాగ్రత్త: అడిగినవారి ఇబ్బంది చూసి కోశాధికారో, పెద్దలో సొంత డబ్బు ఇవ్వకూడదు. ఇచ్చినవారు పై అధికారి, తీసుకున్నవారు కింది ఉద్యోగి. రేపు పనిలో తప్పు చూపాల్సి వస్తే ఆ బాకీ ఇద్దరి మధ్యా నిలబడుతుంది.

ఆర్థిక సంవత్సరం చివర మిగిలిన బాకీలన్నింటికీ పేరు, తేదీ, మొత్తంతో జాబితా తయారుచేసి ఆడిటరుకు ఇవ్వండి. వసూలు కాదని తేలినదాన్ని చడీచప్పుడు లేకుండా కొట్టేయకండి. తీర్మానం చేసి మాఫీ చేయండి లేదా సహాయ నిధి నుంచి తీర్చండి.

చివరిగా, అడ్వాన్సు అడిగే పరిస్థితి సంఘం వల్లనే వచ్చిన చోట. జీతం 1న ఇస్తామని చెప్పి, కానుకలు తగ్గాయని 12న ఇచ్చే సంఘంలో సిబ్బంది అడ్వాన్సు అడగడం లేదు, ఆలస్యమైన జీతం అడుగుతున్నారు. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెప్తుంది. వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు, పొద్దుగూకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24:15 అంటుంది. పట్టి ఉంచిన జీతం మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4లో ఉంది. ఈ వచనాలను మనం చదివిస్తాం, మన సిబ్బంది ముందు వరుసలో కూర్చుని వింటారు. ఒక నెల జీతాలకు సరిపడే నిల్వ వేరే ఖాతాలో ఉండాలి. ఒక్కసారిగా కుదరకపోతే నెల జీతాల మొత్తంలో పన్నెండో వంతు ప్రతి నెలా పక్కన పెడితే ఏడాదిలో తయారవుతుంది. 1,20,000కు నెలకు 10,000. కొత్త మైకులు, రంగులు, మరమ్మతుల కన్నా ముందు వరుసలో ఇది ఉండాలని మా గట్టి అభిప్రాయం.

వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని అజెండాలో పెట్టండి. తీర్మానం ఒక పేజీ దాటనక్కర్లేదు: జీతం రోజు, రోజుల భాజకం, సగం హద్దు, ఆరు నెలల్లో రెండుసార్లు, సంతకం చేసే ఇద్దరి హోదాలు, మూడో వ్యక్తి, అప్పు హద్దులు, అమల్లోకి వచ్చే తేదీ. ఇప్పటికే బయట ఉన్న చీటీలన్నీ ఆ తేదీలోపు పుస్తకంలోకి ఎక్కించి, సంచిని, పెట్టెను ఖాళీ చేయండి. తీర్మానం కాపీ ప్రతి ఉద్యోగి చేతికీ, వారు చదివే భాషలో ఇవ్వండి. చదవలేనివారికి ఎవరైనా కూర్చుని చదివి వినిపించండి.

ప్రభువు సేవలో,
సంఘాల లెక్కలు రాసేవారు, తనిఖీ చేసేవారు కొందరు